తేనె అర నుంచి ఈగలను దింపే పలక: మన ఎండకు మనమే చేసుకోవాలి

ఫిబ్రవరి చివరి వారంలో ములుగు వైపు నుంచి ఒక యువకుడు ఫోన్ చేశాడు. ఐదు తేనె పెట్టెలతో మొదలుపెట్టి రెండో ఏడాదిలో ఉన్నాడు. వేప పూతకు ముందే సరంజామా అంతా సిద్ధం చేసుకోవాలన్న ఆత్రం అతని మాటలో వినిపించింది. “అన్నా, తేనె తీసే ముందు ఈగలను కిందికి దింపే బోర్డు ఆన్‌లైన్‌ల కనపడుతున్నది. కొనమంటవా, చేయించుకోమంటవా?” అని అడిగాడు. చేయించుకోమని ఒక్క మాటలో చెప్పాను. ఫోన్ పెట్టేసిన తరువాత ఆ జవాబు నాకే చాలలేదు. నేను వాడిన మొదటి పలక కొన్నదే, అది రెండేళ్లు బాగానే పనిచేసింది. అటువంటప్పుడు చేయించుకోమని అంత గట్టిగా ఎందుకు చెప్పానో నాకు నేను తేల్చుకోవాలనిపించింది. అతనికి ఫోన్‌లో చెప్పలేకపోయినదంతా ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ఇది. వరంగల్ చుట్టుపక్కల మార్చి నుంచి మే వరకు తేనె తీసేవారు ఈగలను దింపే పలకను రెండు కొలతలు చూసుకొని చేయించుకోవాలి. మొదటిది తమ పెట్టె కొలత. రెండోది తమ ఊరి రాత్రి వేడి. అంగట్లో దొరికే పలక మొదటి కొలతకు ఒక్కోసారి సరిపోతుంది కానీ, రెండో కొలతను దృష్టిలో పెట్టుకొని చేసిన పలక నాకు ఇంతవరకు కనిపించలేదు.

పలక పనిచేసే తీరు తెలిసినదే. పెట్టెలో కింద రాణి, పిల్లలు ఉండే అర, దాని మీద ఈగలు తేనె నింపే అర ఉంటాయి. పై అరలోని ఈగలు రాత్రి చల్లబడేకొద్దీ కింద పిల్లలను వెచ్చగా ఉంచడానికి, రాణి ఉన్న చోటికి దిగుతాయి. మధ్యలో పెట్టిన పలకలో దిగడానికి దారి ఉంటుంది, తిరిగి ఎక్కే దారి దొరకదు. ఇక్కడ గమనించవలసిన సంగతి ఏమిటంటే, పలక ఈగలను తరమదు. ఈగలు తమంతట తాము దిగాలి. వాటిని దింపేది చలి, పిల్లలు, రాణి వాసన. ఈ మూడింటిలో ఏది తగ్గినా ఎంత చక్కగా చెక్కిన పలకైనా వట్టి చెక్కే.

నేను కొన్నది పోర్టర్ రకం. 1891లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో పోర్టర్ అనే పెంపకందారు రూపొందించిన ఆ చిన్న సాధనంలో రెండు సన్నని స్ప్రింగు రేకులు కొసల దగ్గర సుమారు 3 మిల్లీమీటర్ల సందుతో ఎదురెదురుగా ఉంటాయి. ఈగ తోసుకొని వెళ్లిపోతుంది, రేకులు మళ్లీ దగ్గరికి వస్తాయి. ఆలోచన ఎంతో చక్కనిది. దాన్ని ప్లై చెక్క మధ్యలో బిగించుకొని జనవరిలో రెండేళ్లు తేనె తీశాను. సాయంత్రం పెడితే మరునాటికి పై అరలో పది, ఇరవై ఈగలకు మించి ఉండేవి కావు. ఒకసారి ఒక పోతుటీగ రేకుల మధ్య ఇరుక్కొని చచ్చిపోయి దారి మూసుకుపోయింది. మరోసారి ఈగలు పూసే జిగురు పట్టి రేకులు కదలలేదు. వాటిని పుల్లతో గీకి సరిచేసుకున్నాను. అవి నాకు పెద్ద లోపాలుగా అనిపించలేదు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం

నాలుగేళ్ల కిందటి మాట. నర్సంపేట దారిలో ఉన్న మా మామిడితోటలో అప్పుడు పన్నెండు పెట్టెలుండేవి. వేప, కానుగ పూతల మీద తేనె బాగా వచ్చింది. శుక్రవారం సాయంత్రం మూడు పెట్టెలకు ఆ ప్లై పలకలు పెట్టి, శనివారం సాయంత్రానికల్లా తీసేయాలనుకున్నాను. ఆఫీసు పని వల్ల శనివారం తోటకు వెళ్లలేకపోయాను. ఆదివారం మధ్యాహ్నం అమ్మను వెంటబెట్టుకొని వెళ్లేసరికి మూడు గంటలైంది.

నడిమి పెట్టె ద్వారం నుంచి తేనె సన్నని దారలాగా కారుతూ స్టాండు కాలి వెంట దిగి, చీమలు ఎక్కకుండా పెట్టిన నీళ్ల చిప్పలోకి జారుతోంది. మూత తీసి చూస్తే కొత్తగా కట్టిన రెండు పట్టులు చట్రాల నుంచి ఊడి, పక్క పట్టుల మీదికి తడిగుడ్డలా వాలిపోయి ఉన్నాయి. కరిగిపోలేదు, మైనం కరగాలంటే 62 డిగ్రీలు దాటాలి. కానీ 40 డిగ్రీలు దాటిన వేడిలో కొత్త మైనం మెత్తబడి తేనె బరువును మోయలేకపోతుంది. కింద తేనెలో మునిగిన ఈగలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. రెక్కలు ఒంటికి అతుక్కుపోయి, కాళ్లు మాత్రం నెమ్మదిగా కదులుతున్నాయి. అమ్మ ఏమీ మాట్లాడకుండా చాట తెచ్చి, కోడి ఈకతో ఒక్కొక్క ఈగను తీసి చాటలో పరిచి, దాన్ని పక్క పెట్టె ద్వారం ముందు నీడలో పెట్టింది. కాసేపటికి ఆ పెట్టె ఈగలు వచ్చి వాటి ఒంటి మీది తేనెను నాకడం మొదలుపెట్టాయి. చీకటి పడేవరకు అక్కడే కూర్చున్నాం. చాటలో సగానికి పైగా బతికాయి. పెట్టె అడుగున మునిగినవి బతకలేదు.

తప్పు ఎవరిదని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. ఒకరోజు ఆలస్యం చేసినవాడిని నేనే. కొత్త పట్టులకు లోపల తీగ లాగనివాడినీ నేనే. ఈ రెండూ కాదనలేను. అయితే మామూలు రోజుల్లో అదే ఎండకు, అదే తీగ లేని పట్టులు నిలబడ్డాయి. తేడా ఒక్కటే. మామూలు రోజుల్లో ఈగలు నీళ్లు తెచ్చి చల్లి, రెక్కలతో గాలి విసిరి పై అరను కూడా చల్లగా ఉంచుతాయి. పిల్లలుండే చోట వేడిని 35 డిగ్రీల దగ్గరే నిలిపే జీవులవి. నేను ప్లై చెక్క అడ్డం పెట్టి, పై అరకు ఆ గాలి రాకుండా చేశాను. పైనున్న ఈగలన్నీ దిగిపోయాయి కాబట్టి విసిరేవారూ లేరు. అంటే నా పలక ఎంత బాగా పనిచేస్తే పై అర అంత త్వరగా వేడెక్కుతుంది. జనవరిలో ఈ సంగతి బయటపడలేదు, బయటపడే అవసరమూ రాలేదు.

ఒక్కరోజు ఆలస్యాన్ని ఓర్చుకోలేని సాధనం, ఉద్యోగమో వ్యవసాయమో చేసుకుంటూ పది పెట్టెలు చూసుకునే మనిషికి తగినది కాదని నా నమ్మకం. తేనెటీగల పెంపకమే జీవనంగా ఉన్నవారు గంట తప్పకుండా వచ్చి తీసుకుంటారేమో. మనలో ఎక్కువమంది అలా లేము.

వడ్రంగి అడిగిన ప్రశ్న

ఆ వానాకాలంలో ప్లై బదులు జాలీతో పలక చేయిద్దామని మా ఊరి వడ్రంగి దగ్గరికి వెళ్లాను. ఆయనకు తేనెటీగలతో పరిచయం లేదు, నా పెట్టెలకు స్టాండ్లు చేసి ఇచ్చిన చనువు మాత్రం ఉంది. చెప్పిందంతా విని, రంద పక్కన పెట్టి ఇలా అడిగాడు: “సారూ, చలికి, వాసనకు దిగుతయంటున్నవు. జాలీ పెడితే కింది వాసన పైకే వస్తది గదా. ఇంక అవి దిగుడెందుకు?”

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. పైగా ఆయనకు తెలియని ఇంకో సంగతి నాకు తెలుసు. ఈగలు నోటికి నోరు కలిపి మేత పంచుకుంటాయి; ఇలా ఒకదాన్నొకటి మీసాలతో, మూతులతో తాకడంలోనే రాణి ఉన్నదన్న కబురు కూడా గూడంతా తిరుగుతుంది. ఒకే పొర జాలీ అయితే పైనున్న ఈగ, కిందనున్న ఈగ ఆ కన్నాల్లోంచే మూతులు కలుపుకుంటాయి. పైనున్నదానికి తాను విడిపోయానన్న బెంగే కలగదు. ఈ మాట చెప్పగానే ఆయన చేతిలోని ప్లై ముక్కను అంచు మీద నిలబెట్టి, దాని మందం వేలితో చూపించాడు. “అయితే జాలీ రెండు పొరలెయ్యి. మీదొకటి, కిందొకటి. నడుమ ఈ సందుంటే గాలి పోతది గని మూతులు కలువయి.” చెక్క మందం 12 మిల్లీమీటర్లు. ఈగ నాలుక సుమారు అందులో సగమే ఉంటుంది. నేను నెల రోజులు ఆలోచించి అందుకోలేనిది ఆయన ఒక్క నిమిషంలో చెప్పాడు.

మరుసటి వేసవిలో ఆరు పెట్టెలకు మూడు రకాలుగా పెట్టి చూశాను. రెండింటికి పాత ప్లై, రెండింటికి ఒక పొర జాలీ, రెండింటికి రెండు పొరల జాలీ. అన్నిటినీ చెట్టునీడకు మార్చి, పైన తడి గోనెసంచి కప్పి, ఈసారి రెండో తెల్లవారుజామున విప్పాను. ప్లై పెట్టినవాటిలో ఈగలు దాదాపు లేవు, పట్టులు మాత్రం వేలితో నొక్కితే లొత్తపడేంత మెత్తగా ఉన్నాయి. ఒక పొర జాలీ మీద రెండు మూడు గుప్పెళ్ల ఈగలు గుమిగూడి ఉన్నాయి, వడ్రంగి చెప్పినట్టే. రెండు పొరల జాలీ మీద గుప్పెడు మించలేదు, పట్టులు గట్టిగానే ఉన్నాయి. ఆరు పెట్టెలతో ఒక్క సీజన్‌లో చూసినది ఋజువు కాదని నాకు తెలుసు. పెట్టెలన్నీ ఒకే బలంతో లేవు, ఆ రెండు రాత్రుల్లో ఒకటి ఉక్కపోత, రెండోది గాలివాన. అయినా ఆ తరువాతి వేసవుల్లో నేను ప్లై పలక జోలికి మళ్లీ పోలేదు. జాలీ పలక అరపూట నెమ్మదిగా పనిచేస్తుంది. ఆ అరపూటను నేను సంతోషంగా ఇస్తాను.

పలక కొలతలు

నిజానికి కష్టమంతా కొలతల దగ్గరే ఉంది. 1851లో లాంగ్‌స్ట్రాత్ అనే అమెరికా పెంపకందారు గుర్తించిన ఈగ దారి మన పెట్టెలన్నిటికీ ఆధారం. 6 నుంచి 9 మిల్లీమీటర్ల సందును ఈగలు నడిచే దారిగా వదిలేస్తాయి. అంతకంటే తక్కువైతే జిగురుతో పూడుస్తాయి, ఎక్కువైతే పట్టు కడతాయి. పది చట్రాల పెట్టె బయటి కొలత 20 అంగుళాలకు పదహారుంపావు అని పుస్తకాల్లో ఉంటుంది. నా పన్నెండు పెట్టెలు ఇద్దరి దగ్గర చేయించినవి. ఒకరి పెట్టెకూ మరొకరి పెట్టెకూ వెడల్పులో 6 మిల్లీమీటర్ల తేడా ఉంది, అంటే సరిగ్గా ఈగ దూరేంత. పుస్తకం కొలతకు చేసిన పలకను పెద్ద పెట్టె మీద పెడితే, అది కాస్త పక్కకు జరిగినా, వంకరగా కూర్చున్నా ఒక పక్కన సందు మిగిలే ప్రమాదం ఉంది. ఈగలు దిగిపోయిన తేనె అరకు కాపలా ఉండదు. ఆ సందులోంచి పక్క పెట్టెల ఈగలు, కందిరీగలు, చీమలు దూరి ఒక్క పూటలో అరను ఖాళీ చేసిపోగలవు. ఒకసారి మూత మూలన విరిగిన చెక్కను పట్టించుకోకపోతే నాకు అదే జరిగింది. తెల్లవారి చూస్తే పట్టు ఉంది, మైనపు పొడి ఉంది, తేనె లేదు.

అందుకని పలక చట్రాన్ని పెద్ద పెట్టె బయటి కొలతకు చేయించాలి. చిన్న పెట్టె మీద అంచు కాస్త బయటికి వస్తుంది, దానివల్ల నష్టం లేదు. చట్రం టేకు ముక్కలతో అయితే ఎండకు వంగదు. వరంగల్‌లో కట్టె కోసే మిల్లుల దగ్గర తునకలు చవకగా దొరుకుతాయి. పై వైపు 8 మిల్లీమీటర్ల అంచు ఉండాలి. పై అర చట్రాల అడుగు చెక్కలు పలకకు ఆనకుండా ఈగ నడిచే దారి మిగలాలి కదా. రెండు ఎదురెదురు మూలల్లో అరచేయంత ప్లై ముక్కలు బిగించి, ఒక్కోదానికి 25 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, దాని కింద జాలీతో చేసిన గరాటు తగిలించాలి. మిగిలిన చోటంతా రెండు పొరల జాలీ.

గరాటు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పలక ప్రాణం అక్కడే ఉంది. స్ప్రింగు రేకులను ఇంట్లో చేసుకోలేము, చేసుకున్నా 3 మిల్లీమీటర్ల సందు నిలవదు. గరాటులో కదిలే భాగం ఏదీ లేదు. వెడల్పు నోరు పైకి, సన్నని కొస కిందికి. పైనున్న ఈగ వెడల్పు నోట్లోకి నడిచి కొస నుంచి బయటపడుతుంది. తిరిగి ఎక్కాలనుకున్న ఈగ తేనె వాసన వచ్చే గరాటు మొదట్లో, జాలీ గోడల మీద వెతుకుతుంది. కిందికి వేలాడే కొస దగ్గర వెతకాలన్న ఊహ దానికి వెంటనే రాదు. వెంటనే రాదు అన్నాను కానీ, ఎప్పటికీ రాదని కాదు. రెండు రోజులు దాటితే కొన్ని దారి కనిపెడతాయి, వాటి వెంట మిగిలినవీ వస్తాయి. ఆ తరువాత పలకను ఉంచడం దండగ.

నేను కిటికీలకు కొట్టే అల్యూమినియం దోమల జాలీని అరవృత్తంగా కత్తిరించి, పెన్సిలు చుట్టూ కొసను తిప్పి, అంచులను సన్నని రాగి తీగతో కుడతాను. పొడవు 50 మిల్లీమీటర్లు, కొస రంధ్రం 9 మిల్లీమీటర్లు. మొదటిసారి 6 మిల్లీమీటర్లు పెట్టాను. కూలి ఈగలు దిగాయి, పోతుటీగలు గరాటులో కుక్కుకొని దారి మూసేశాయి. ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. కత్తిరించిన జాలీ తీగల మొనలు లోపలికి ఉంటే ఈగల రెక్కలు చీలిపోతాయి. అంచులను బయటికి మడిచి, చిటికెన వేలి కొసను లోపలికి పెట్టి తిప్పి చూడాలి. వేలికి గుచ్చుకునేది ఈగకు అంతకు పదింతలు గుచ్చుకుంటుంది.

గరాటు వేలాడటానికి పలక అడుగున 60 మిల్లీమీటర్ల అంచు కావాలి. అంత ఖాళీ వదిలితే ఈగలు పట్టు కట్టవా అన్న అనుమానం సహజమే. తేనె బాగా వచ్చే రోజుల్లో మూడో రోజుకు కట్టడం మొదలుపెట్టినట్టు చూశాను. రెండో తెల్లవారుకు తీసేస్తే ఆ ఇబ్బంది లేదు. మొత్తానికి ఒక పలకకు నాకు మూడు వందల యాభై రూపాయలు, వడ్రంగికి ఒక పూట పని పట్టింది.

చీపురు చాలదా

ఈ మాట నన్ను చాలామంది అడిగారు, అడగవలసిన మాటే. చట్రాన్ని ఒక్కొక్కటిగా తీసి, పెట్టె ముందు ఒక్క విదిలింపు విదిలించి, మిగిలిన ఈగలను మెత్తని కుంచెతోనో తడిపిన ఈకతోనో తుడిస్తే పది నిమిషాల్లో ఒక అర ఖాళీ అవుతుంది. పలక అక్కర్లేదు, రెండో రోజు అక్కర్లేదు. ఇంకొక బలమైన వాదన కూడా ఉంది. తేనెతో నిండిన అర పాతిక కిలోల పైనే తూగుతుంది. పలక పెట్టాలంటే దాన్ని ఒకసారి దించి, మళ్లీ ఎక్కించి, చివరికి మళ్లీ దించాలి. నడుము నొప్పి ఉన్నవారికి, ఒంటరిగా పనిచేసే ఆడవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. మా అమ్మ ఇప్పటికీ చట్రాలు తీసి తుడవడమే మేలంటుంది. నేను పలక పెట్టే రోజు ముందు నాలుగైదు చట్రాలు వేరే ఖాళీ అరలోకి మార్చి, బరువు తగ్గాకే ఎత్తుతాను.

మన దేశీ ఈగ విషయంలో నేను అమ్మతో పూర్తిగా ఏకీభవిస్తాను. దేశీ ఈగకు వాడే న్యూటన్ పెట్టెలోని తేనె చట్రాలు చిన్నవి, ఈగలూ తక్కువ. దేశీ ఈగ పట్టు మీద నిలవక పరుగులు పెడుతుంది, విదిలిస్తే సులువుగా రాలుతుంది. పైగా ఎక్కువసార్లు కదిలిస్తే గూడు వదిలి వెళ్లిపోయే గుణం దానికి ఉంది. రెండు రోజుల పాటు పలక పెట్టి, దించి, ఎత్తడం కన్నా ఒక తెల్లవారుజామున పది నిమిషాల్లో పని ముగించడం దానికి తక్కువ బాధ.

మెల్లిఫెరా, అంటే బయటి దేశాల నుంచి వచ్చిన పెద్ద ఈగ, ఉన్న పెట్టెల దగ్గర లెక్క మారుతుంది. పూత నడుస్తున్నంతకాలం తుడిచినా పరవాలేదు. పూత ముగిశాక, మే నెలలో, తెరిచిన చట్రం తేనె వాసన గాలిలో కలిసిన ఐదు నిమిషాల్లో తోటలోని పెట్టెలన్నీ దోపిడీకి లేస్తాయి. తుడుపుకు రేగిన ఈగలు పక్క చేలో మిరప ఏరే కూలీల మీద పడిన రోజు నాకు గుర్తుంది. ఒకామెకు మెడ మీద ఏడు చోట్ల కుట్టాయి. ఆమెను బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లి, సాయంత్రం ఇంటి దగ్గర దింపేవరకు నాకు గుండె నిలవలేదు. పలకతో అయితే తెల్లవారుజామున అరను దించి, గుడ్డ కప్పి, బండిలో పెట్టుకొని వచ్చేయవచ్చు. పక్క చేలో ఎవరికీ తెలియను కూడా తెలియదు. నేను పలక వైపు మొగ్గడానికి ఇదే పెద్ద కారణం.

గాలితో ఊదే బ్లోయర్లను వీడియోల్లో చూసి చాలామంది అడుగుతున్నారు. వందల పెట్టెలతో ఊరూరా తిరిగే పెద్ద పెంపకందార్లకు అవి పనికొస్తాయి. పది పెట్టెలకు అంత ఖర్చు, అంత మోత అనవసరం. ఇక ఫినాయిల్ లాంటి ఘాటు వాసనలు తడిపిన గుడ్డను పైన కప్పి ఈగలను తరమడం గురించి ఒక్క మాటే చెబుతాను: చేయవద్దు. పూర్వం కొన్ని దేశాల్లో కార్బాలిక్ ఆమ్లంతో ఇదే పని చేసేవారు. తేనెకు, మైనానికి ఆ వాసన పట్టేది. తేనె వాసనలను పీల్చుకుంటుంది. ఒక పరిచయస్థుడు అలా తీసిన తేనె సీసాను నా ముందు తెరిచినప్పుడు వేప పూత వాసన కన్నా ముందు బాత్రూము వాసన వచ్చింది. పొగ కూడా అంతే. రెండు మూడు దమ్ములకు మించి పడితే మూత వేయని గదుల్లోని తేనెకు పొగ రుచి అంటుకుంటుంది.

పలక కాని కారణాలు

పలక పెట్టినా ఈగలు దిగలేదని చెప్పేవారి పెట్టెలు రెండు మూడు చూశాను. ఒకచోట పలకలో లోపమేమీ లేదు. పై అర తీసి చూస్తే నాలుగో చట్రంలో అరచేయంత మేర పిల్లలున్నాయి. రాణిని కింద ఆపే అడ్డు జాలీ వాడకపోవడంతో అది పైకి వచ్చి గుడ్లు పెట్టిపోయింది. పిల్లలను వదిలి దాది ఈగలు దిగవు. దిగితే అవి ఈగలే కావు. ఆ చట్రాన్ని కిందికి మార్చి పలకను మళ్లీ పెడితే మరునాటికి అర ఖాళీ అయింది. కాబట్టి పలక పెట్టే ముందు పై చట్రాలన్నీ ఒకసారి తిప్పి చూడాలి, రాణి పైన లేదని తేల్చుకోవాలి.

రెండోది మన వేసవికి సంబంధించిన విషయం, దీన్ని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఏప్రిల్ చివర రాత్రి కూడా 28 డిగ్రీల కిందికి దిగని రోజులుంటాయి. అప్పుడు కింది అరలోని ఈగలే వేడికి తాళలేక ద్వారం బయట గుత్తులుగా వేలాడుతుంటాయి. ఇంట్లో ఉన్నవారికే చోటు లేనప్పుడు పైనున్న వేల ఈగలను దిగమంటే ఎక్కడికి దిగుతాయి? అందుకే పలకకు కింద ఒక ఖాళీ తేనె అర పెట్టాలి. పాత పట్టులున్న అర అయితే మరీ మంచిది, ఈగలు వెంటనే అందులో నిలుస్తాయి. ఇంకో అర ఎత్తే పని పెరుగుతుంది, నిజమే. కానీ ఖాళీ అర లేకుండా మే నెలలో నా పలక ఒక్కసారి కూడా సరిగ్గా పనిచేయలేదు. ఉన్నప్పుడు రెండో తెల్లవారుకు గుప్పెడు ఈగలే మిగిలాయి, వాటిని ఈకతో దులిపేశాను. జాలీ మంచిదా, ప్లై మంచిదా అని నేను మూడేళ్లు తర్కించిన దానికంటే ఈ ఒక్క ఖాళీ అరతో వచ్చిన తేడా ఎక్కువేమోనని ఇప్పుడనిపిస్తోంది. అయినా జాలీని వదలను. ఖాళీ అర ఈగలను దింపుతుంది కానీ, దిగిన తరువాత పైనున్న పట్టును ఎండ నుంచి కాపాడలేదు.

ములుగు అబ్బాయికి మళ్లీ నేనే ఫోన్ చేసి, ముందు ఐదు పెట్టెలనూ టేపుతో కొలిచి పంపమన్నాను. రెండు రోజులకు కాగితం మీద రాసి ఫోటో పంపాడు. నాలుగు పెట్టెలు ఒకే కొలత, ఐదోది వెడల్పులో 7 మిల్లీమీటర్లు పెద్దది. ఆ ఐదోదాని కొలతకు చట్రం చేయించమని, గరాటులు రెండు నేను కుట్టి పంపుతానని చెప్పాను. ఉగాది తరువాత వారం అతని తోటలో మొదటి పలక పెట్టాలి. ఖాళీ అర ఒకటి నా దగ్గరి నుంచి తీసుకువెళుతున్నాను, అతని దగ్గర ఇంకా పాత పట్టులు లేవు.